జాగ్వారా? బెంజా?

రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బుతో గాజులు చేయించుకోమంది మా అక్క, విజయవాడ నుంచి ఫోన్లో. నాకేమో కారు మీద మనసు. అదీ 1960ల నాటి పాతకారు! "నీకేమన్నా మతిపోయిందా?" అంది అక్క.

నేను నర్సుగా పనిచేసింది ఇంగ్లండులోని కొవెంట్రీలో. జాగ్వార్ ఇ-టైప్ పుట్టిన ఊరే అది. నైట్ డ్యూటీ దిగి బస్టాపులో నిలబడితే ఎప్పుడైనా ఒకటి దూసుకుపోయేది. బారెడు ముక్కు, నేలకి ఆనుకున్నట్టుండే ఒళ్లు. ఎప్పటికైనా కొనాలని అప్పుడే అనుకున్నా. మావారు మాత్రం 'పగోడా' అని ముద్దుపేరున్న మెర్సిడెస్ బెంజ్ ఎస్.ఎల్. పక్షం. సరే, రెండూ చూద్దామని బయల్దేరాం.

రెండూ జెనీవా మోటార్ షోలోనే జనానికి కనిపించాయి. జాగ్వార్ 1961లో, బెంజ్ 1963లో. అందంలో జాగ్వార్‌కి సాటి లేదండీ. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం వాళ్లే 1996లో ఒకదాన్ని తమ సేకరణలో చేర్చుకున్నారు. కానీ లోపలికి దూరి కూర్చోవడం నా మోకాళ్లకి పరీక్షే. చీరతోనా, ఆ మాటే వద్దు! మొదట వచ్చిన 3.8 లీటర్ల బండ్లలో ఫస్ట్ గేరు మొరాయిస్తుంది. 1964లో 4.2 లీటర్ల ఇంజన్‌తో పాటు మంచి గేర్‌బాక్స్ పెట్టారు. వెనక బ్రేకులేమో చక్రాల దగ్గర కాక, బండి మధ్యలో డిఫరెన్షియల్ పక్కన ఉంటాయి. వాటిని ముట్టుకుంటే మెకానిక్‌కి బోలెడు పని, మనకి బోలెడు బిల్లు.

బెంజ్ నెమ్మదైన మనిషి లాంటిది. పైకప్పు మధ్యలో కాస్త లోపలికి వంగి, బౌద్ధాలయం కప్పులా ఉంటుందనే ఆ ముద్దుపేరు. సీటు హాయిగా ఉంటుంది, ఆటోమేటిక్ గేర్లున్నవీ దొరుకుతాయి. 230, 250, 280 అని మూడు రకాలు. 1971 దాకా అన్నీ కలిపి 49 వేల లోపే చేశారు. జాగ్వార్లు 72 వేలు దాటాయి. అయితే బెంజ్ పెట్రోలు పంపు పాడైందా, గాజుల డబ్బు అక్కడే పోతుంది.

రెండింటికీ అసలు శత్రువు తుప్పు. మేం చూసిన మొదటి జాగ్వార్ ఎర్రగా, తళతళలాడిపోతోంది. అడ్వాన్సు ఇచ్చేద్దామని చెక్కుబుక్కు తీశాను కూడా. మాకు తెలిసిన మెకానిక్ ఇచ్చిన అయస్కాంతం తలుపు కింది అంచుకి ఆనిస్తే జారి కిందపడింది. అంతా లప్పమే! ఇంజన్ నంబరూ జాగ్వార్ వాళ్లిచ్చే సర్టిఫికెట్‌లోని నంబరూ కలవలేదు. "పాతబండి కదండీ" అన్నాడు అమ్మే పెద్దమనిషి. నాది ముప్ఫయ్యేళ్ల కష్టార్జితం, నాయనా!

తర్వాత బెంజ్ దగ్గరా అదే పరీక్ష. తలుపు మీద అంటుకోలేదు, బానెట్ మీదా అంటుకోలేదు. నా గుండె జారిపోయింది. మెకానిక్ పకపకా నవ్వాడు. పగోడాకి తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియమట! చూడాల్సింది చక్రాల పైరేకు, నేల, కింది అంచులు. అక్కడ గట్టిగానే పట్టుకుంది.

మావారి మొహం చూడాలి! ఇంకా మాటివ్వలేదు. వచ్చే ఆదివారం 4.2 జాగ్వార్ ఒకటి చూడాలి. అయస్కాంతం హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.