రంగును కొలిస్తే తెలిసే షుగర్



"రక్తంలో షుగర్ 140 అని రాశారు, ఎలా కనుక్కున్నారు?" అని మా ల్యాబు కిటికీ దగ్గర కొందరు అడుగుతుంటారు. ఒక రంగును కొలిచి తెలుసుకుంటామన్నదే జవాబు.

రక్తంలోని గ్లూకోజ్‌కు రంగు లేదు. అందుకే ముందుగా రక్తం గొట్టాన్ని మిషన్‌లో వేగంగా తిప్పి, పైకి తేలిన ప్లాస్మాను తీసుకుంటాం. దాన్ని ఒక మందుద్రావణంలో కలుపుతాం. అందులోని ఒక ఎంజైము గ్లూకోజ్ నుండి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. రెండో ఎంజైము ఆ పెరాక్సైడ్ సాయంతో రెండు రసాయనాలను కలిపి, క్వినోనిమైన్ అనే గులాబి రంగును తయారుచేస్తుంది. గ్లూకోజ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత చిక్కనవుతుంది.

ఇది కూడా మనిషి తయారుచేసిన రంగే. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల విద్యార్థి, మలేరియా మందైన క్వినైన్‌ను తయారు చేయబోతే ఊదా రంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమకు అదే నాంది.

రంగు చిక్కదనాన్ని కంటితో అంచనా వేస్తే ఒక్కొక్కరికి ఒక్కో విధంగా కనిపిస్తుంది. అందుకని సుమారు 505 నానోమీటర్ల పచ్చని కాంతిని ద్రావణం గుండా పంపి, ఎంత కాంతి ఆగిపోయిందో యంత్రంతో కొలుస్తాం. డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉన్న ప్రమాణ ద్రావణం రీడింగు 0.20, మీది 0.28 వచ్చిందనుకోండి. మీ షుగర్ 140 అన్నమాట.

అయితే గొట్టంలో మిగిలివున్న గ్లూకోజ్‌నే ఈ రంగు చూపుతుంది. తీసిన రక్తంలో కూడా కణాలు గ్లూకోజ్‌ను వాడుకుంటూనే ఉంటాయి. ప్లాస్మాను వేరు చేయకుండా ఉంచితే గంటకు సుమారు 5 నుండి 7 శాతం తగ్గిపోతుంది. పరగడుపున 130 ఉన్న వ్యక్తి రక్తం రెండు గంటలు బస్సులో ప్రయాణించి వస్తే, 115 దగ్గర కనిపించవచ్చు. 126, అంతకు మించితే షుగర్ వ్యాధిగా అనుమానించి మళ్లీ పరీక్షిస్తాం. ఆలస్యం వల్ల ఆ జబ్బు మన చేయి జారిపోతుంది. ఫ్లోరైడ్ ఉన్న బూడిద రంగు మూత గొట్టం ఈ నష్టాన్ని తగ్గిస్తుంది గాని, మొదటి గంటలో పూర్తిగా ఆపలేదు.

కనుక వీలైతే ల్యాబుకే వచ్చి రక్తం ఇవ్వండి. పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకండి, మంచినీళ్లు మాత్రం తాగవచ్చు. విటమిన్ సి ఎక్కువ మోతాదులో వాడుతుంటే ముందే చెప్పండి. అది రంగును తగ్గించి, ఉన్న షుగర్‌ను తక్కువగా చూపగలదు.