కన్నులు గల దీపములు

దీపము మనకు చూపునిచ్చునని యెరుగుదుము గాని, దీపమే మనలను చూచునని మన పెద్దలెవ్వరును చెప్పియుండలేదు. హాలెండు దేశమున ఆమ్‌స్టర్‌డామ్ నగరమందు 2014వ సంవత్సరమున పూర్తియైన 'ది ఎడ్జ్' అను కార్యాలయభవనమున నట్టి దీపములున్నవి. ముఖ్యముగా డెలాయిట్ కంపెనీవారి కొరకు దీనిని నిర్మించిరి.

ఇందలి ఎల్.ఇ.డి. దీపములు దాదాపు 6,000. వీనికి విద్యుత్తును, వార్తలను గూడ ఒకే తీగ తెచ్చును. అది కంప్యూటర్లను కలుపు ఈథర్‌నెట్ తీగయే. కొన్నివేల దీపములలో సెన్సారులు, అనగా వెలుతురును, వేడిని, మనుష్యుల కదలికను పసిగట్టు చిన్న పరికరములు అమర్చబడినవి. ఉద్యోగి తన సెల్‌ఫోనుతో తానున్నచోట వెలుతురు హెచ్చించుకొనవచ్చును. ఆ యిష్టమును భవనము జ్ఞాపకముంచుకొనును. సుమారు 2,500 మందికి 1,000 బల్లలే యేర్పరచిరి. నేడెచ్చట కూర్చుండవలెనో ఫోనే చెప్పును. ఇది మాత్రము నాకు బొత్తిగా నచ్చలేదు. తన పీటయని యొకటి లేనివారికి కార్యాలయమైనను సత్రమే కదా!

వేసవిలో వెచ్చనైన నీటిని సుమారు 130 మీటర్ల లోతున భూమిలో దాచి, శీతకాలమున పైకి తెచ్చి గదులను వెచ్చచేయుదురు. ఎండలలో వడియములు పెట్టి వానలకు దాచుకొను మనకు ఈ యుక్తి క్రొత్తది కాదు. వాననీటిని పట్టి మరుగుదొడ్లకును తోటకును వాడుదురు.

గృహిణులు మెచ్చదగినది వేరొకటి కలదు. నాడు ఏ గదులలో జనులు మసలిరో సెన్సారులు తెలుపును గనుక, ఊడ్చువారు ఆ గదులనే శుభ్రపరతురు. వట్టిగదిని తుడుచు శ్రమ తప్పినది, సంతోషమే. కాని మిగిలిన శ్రమ ఆ చేతులకు విశ్రాంతియగునో, ఆ చేతుల లెక్కయే తగ్గునో!

మయసభలో సుయోధనుడు నీటిని నేలయనుకొని పడెను. ఈ సభలో మనము పొరబడనక్కరలేదు. సభయే మనలను కనిపెట్టుచుండును. గది వట్టిదని తెలిసిన దీపమునకు, అందున్న యామె ఎప్పుడు లేచెనో, ఎంతసేపటికి తిరిగివచ్చెనో తెలియకుండునా?

హైదరాబాదున 1998లో సైబర్ టవర్స్ తెరచిన పిమ్మట కంప్యూటరు కార్యాలయములలో మన యాడపిల్లలెందరో చేరిరి. పెక్కుచోట్ల కార్డు చూపనిదే తలుపు తెరువబడదు. వచ్చినవేళయు పోయినవేళయు నమోదగుచునే యుండును. జీతమెంతయని యడుగు తల్లులు ఈ లెక్క ఎవరిచేత నుండునో, ఎన్నాళ్లు దాతురో కూడ అడుగవలెను. తన గూర్చి దాచిన వివరములేవో అడిగి తెలిసికొను హక్కు ఐరోపా సమాఖ్యలో 2018 నుండి అమలైన శాసనమున స్పష్టముగా నున్నది. మన దేశమున 2023లో చేసిన శాసనమో, ఉద్యోగసంబంధమైన పనులకు ఉద్యోగి సమ్మతి లేకయే యజమాని యామె వివరములను వాడుకొనుటకు త్రోవ విడిచినది.