‘ఎ పాసేజ్ టు ఇండియా’: నవల విడిచిన ఖాళీలు, సినిమా పూరించిన తీరు

ఇ. ఎం. ఫార్‌స్టర్ 1924లో వెలువరించిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ ఇరవయ్యో శతాబ్దపు ఆంగ్ల నవలల్లో పేరెన్నికగన్నది. ఒక జాతి మరొక జాతిని ఏలుతున్న కాలంలో, ఆ రెండు జాతులకు చెందిన ఇద్దరు సజ్జనులు స్నేహితులుగా మిగలగలరా అన్న ప్రశ్నను అది చివరి పుట దాకా వదిలిపెట్టదు. అరవై ఏళ్ల తరువాత, 1984లో, బ్రిటిష్ దర్శకుడు డేవిడ్ లీన్ దానిని సినిమాగా తీశాడు. 11 ఆస్కార్ నామినేషన్లు పొంది 2 అవార్డులు గెలుచుకున్న ఈ చిత్రం ఎన్నో విధాల గొప్పదే అయినా, నవల కావాలని తేల్చకుండా ఉంచిన విషయాలను అది తేల్చివేసింది. దానివల్ల కథలోని జాతి వివక్ష మూలం పరిపాలన నుంచి వ్యక్తుల మనసుల్లోకి జరిగిపోయింది.

కథ చంద్రాపూర్ అనే కల్పిత పట్టణంలో నడుస్తుంది. దానికి ఆధారం పాట్నా నగరంలో భాగమైన బాంకీపూర్. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆంగ్లేయుడైన సివిల్ సర్జన్, అంటే జిల్లా వైద్యాధికారి, కింద పనిచేసే యువ వైద్యుడు అజీజ్ ఒక రాత్రి మసీదులో మిసెస్ మూర్ అనే వృద్ధురాలిని కలుసుకుంటాడు. ఆమె కొడుకు రోనీ ఆ ఊరి మేజిస్ట్రేటు. అతన్ని పెళ్లాడే ఉద్దేశంతో వచ్చిన అడెలా క్వెస్టెడ్ అనే యువతిని ఆమె వెంటబెట్టుకుని వచ్చింది. ఆ ఇద్దరికీ మరబార్ గుహలు చూపించడానికి అజీజ్ తన శక్తికి మించి ఖర్చుపెట్టి విహారయాత్ర ఏర్పాటు చేస్తాడు. గుహలో ఏదో జరిగిందని భయపడి అడెలా కొండ దిగి పారిపోతుంది; తన మీద అత్యాచారానికి ప్రయత్నించాడని అజీజ్ మీద నేరం మోపుతుంది. విచారణ రోజున సాక్షి బోనులో నిలబడి, అజీజ్ తన వెనక గుహలోకి రాలేదని చెప్పి ఆరోపణను ఉపసంహరించుకుంటుంది. గుహలో నిజంగా ఏం జరిగిందో ఫార్‌స్టర్ ఎక్కడా చెప్పలేదు.

ఫార్‌స్టర్ వివక్షను పెద్ద పెద్ద క్రూర కృత్యాల్లో కాక, రోజువారీ చిన్న విషయాల్లో పట్టుకున్నాడు. అజీజ్ స్నేహితుడైన ఆంగ్లేయుడు, కళాశాల ప్రిన్సిపాల్ ఫీల్డింగ్‌కు చొక్కా కాలరు బిగించే గుండీ కనపడకపోతే, అజీజ్ తన కాలరు గుండీని తీసి, అదనంగా తెచ్చుకున్నదేనని అబద్ధమాడి ఇచ్చేస్తాడు. ఆ తరువాత అజీజ్ మెడ వెనక కాలరు పైకి ఎగబాకడం చూసిన రోనీ, భారతీయుల అశ్రద్ధకు అదే నిదర్శనమని తేల్చేస్తాడు. ఔదార్యం అనాగరికతగా కనిపించే ఈ చూపు ఒక్క రోనీది కాదు. పోలీసు అధికారి మెక్‌బ్రైడ్ న్యాయస్థానంలో నిలబడి, నల్లజాతుల మగవారు తెల్లజాతి స్త్రీల పట్ల ఆకర్షితులవుతారనీ, ఎదురుదిశలో అలా జరగదనీ, ఇది శాస్త్రం నిరూపించిన సంగతి అన్నట్టుగా చెబుతాడు. ద్వేషించవలసిన అవసరం కూడా లేకుండా, తమకు తెలిసిన విజ్ఞానమే అదని నమ్మే మనుషుల చేతిలో న్యాయం ఎలా ఉంటుందో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ఆ న్యాయస్థానం వెనక నిజమైన చరిత్ర ఉంది. జిల్లాల్లోని భారతీయ న్యాయాధికారులకు యూరోపియన్లు నిందితులైన కేసులను విచారించే అధికారం ఇవ్వాలని 1883లో ప్రతిపాదించిన ఇల్బర్ట్ బిల్లు మీద ఇక్కడి ఆంగ్లేయులు పెద్ద ఆందోళన లేవదీశారు. దాంతో అది నీరుగారిపోయి, నిందితులైన యూరోపియన్లు సగం మంది తమవాళ్లే ఉండే జ్యూరీని కోరుకోవచ్చన్న షరతుతో 1884లో చట్టమైంది. నవలలో ఫిర్యాదుదారు రోనీకి కాబోయే భార్య కాబట్టి విచారణ అతని కింది ఉద్యోగి, భారతీయుడైన దాస్ చేతికి వస్తుంది. ఆంగ్లేయులకు అదే పెద్ద అవమానమవుతుంది. ఫార్‌స్టర్ 1912–13లో తొలిసారి భారతదేశం చూసి, నవల మొదలుపెట్టి పక్కన పెట్టాడు. 1921లో దేవాస్ సంస్థానాధీశుడి ప్రైవేటు కార్యదర్శిగా మళ్లీ వచ్చి వెళ్లాకే పూర్తిచేశాడు. ఆ రెండు రాకల నడుమ 1919 ఏప్రిల్ గడిచింది. జలియన్‌వాలాబాగ్ కాల్పులే కాక, ఒక ఆంగ్ల మిషనరీ స్త్రీ మీద దాడి జరిగిన అమృత్‌సర్ వీధిలో భారతీయులు పాకుతూ పోవాలన్న బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ ఆజ్ఞ కూడా ఆ రోజుల్లోదే. భారతీయులు ఆంగ్ల స్త్రీ కనబడితే చేతులూ మోకాళ్ల మీద పాకాలని నవలలో కలెక్టరు భార్య అనే మాటను ఆనాటి పాఠకులు కల్పనగా చదివి ఉండరు.

ఈ నవలకు హైదరాబాదుతో ఉన్న బంధం తెలుగువారిలో చాలామందికి తెలియదు. ఫార్‌స్టర్ దీనిని సయ్యద్ రాస్ మసూద్‌కు అంకితం చేశాడు. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మనవడైన మసూద్‌కు 1906లో ఇంగ్లండులో లాటిన్ చెప్పడంతో మొదలైన పరిచయం, ఫార్‌స్టర్ జీవితంలోని గాఢమైన స్నేహాల్లో ఒకటిగా పెరిగింది. మసూద్ 1916 నుంచి 1928 వరకు నిజాం రాజ్యంలో విద్యాశాఖ అధిపతిగా ఉండి, 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. 1921 పర్యటనలో ఫార్‌స్టర్ హైదరాబాదు వచ్చి అతని దగ్గర ఉన్నాడు. అజీజ్‌లోని ఆవేశం, ఆత్మీయత, ఇట్టే అలిగి ఇట్టే కరిగే స్వభావం చాలావరకు మసూద్ నుంచి వచ్చినవేనని సాహిత్య చరిత్రకారులు భావిస్తారు. నవలలో ఎంత విమర్శ ఉన్నా, దానికి పునాది ఒక భారతీయుడి మీది నిజమైన ప్రేమ.

ఫార్‌స్టర్ 1970లో మరణించేదాకా సినిమా హక్కులు ఎవరికీ ఇవ్వలేదు. అడిగినవారిలో సత్యజిత్ రాయ్ కూడా ఉన్నాడు. మద్రాసులో పుట్టిన రచయిత్రి శాంతా రామారావు చేసిన నాటకానికి మాత్రం అనుమతి ఇచ్చాడు. 1960లో ఇంగ్లండులో ప్రదర్శితమైన ఆ నాటకాన్ని లీన్ తన సినిమాకు ఒక ఆధారంగా తీసుకున్నాడు. ఫార్‌స్టర్ తదనంతరం కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాల చేతికి వచ్చిన హక్కులను నిర్మాతలు జాన్ బ్రేబోర్న్, రిచర్డ్ గుడ్విన్ సంపాదించారు. 1970 తరువాత 14 ఏళ్లపాటు లీన్ నుంచి కొత్త చిత్రమేదీ రాలేదు; స్క్రీన్‌ప్లే, దర్శకత్వం, ఎడిటింగ్ మూడూ తానే చేసిన ఈ సినిమాయే అతని చివరిది.

నవలలోని గుహలకు ప్రేరణ బీహారులోని బరాబర్ గుహలు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, అశోకుడి కాలంలో, ఆజీవకులు అనే సన్యాసులకోసం గట్టి రాతిని తొలిచి, లోపలి గోడలను అద్దంలా నునుపు చేసిన ఆ గుహల్లో ఏ శబ్దమైనా చాలాసేపు మార్మోగుతుంది. మిసెస్ మూర్ అక్కడ విన్న ప్రతిధ్వనిలో మంచీ చెడూ, ప్రార్థనా తిట్టూ అన్నీ ఒకే అర్థంలేని మోతగా కలిసిపోతాయి. ఆమె విశ్వాసం ఆ క్షణంలో కూలిపోతుంది. లీన్ ఈ ఘట్టాలను కర్ణాటకలో, బెంగళూరు దగ్గరి సావనదుర్గ, రామనగరం కొండల్లో చిత్రీకరించాడు. మిసెస్ మూర్‌గా పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ నటన సినిమాకు ప్రాణం. 77 ఏళ్ల వయసులో ఆమెకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ దక్కింది. సంగీతానికి మారిస్ జార్ తన మూడో ఆస్కార్ అందుకున్నాడు. అజీజ్‌గా విక్టర్ బెనర్జీ, అతిథులను మెప్పించాలన్న ఆరాటం లోపలి ఆత్మగౌరవంతో పోరాడే తీరును కళ్లతోనే చూపించాడు.

ఇంత చేయగలిగిన లీన్, నవలలో లేని ఒక సన్నివేశాన్ని చేర్చాడు. అడెలా సైకిలు మీద ఊరి బయటికి వెళ్లి, పాడుబడ్డ గుడిలో శృంగార శిల్పాలు చూస్తుంది. కోతులు మీదికి రావడంతో బెదిరి పారిపోతుంది. దృశ్యంగా అది ఎంత బలమైనదో, కథకు చేసిన నష్టం అంత పెద్దది. అప్పటినుంచి ప్రేక్షకుడు గుహలో జరిగినదాన్ని ఒక యువతి అణచుకున్న కోరికల భ్రమగా అర్థం చేసుకుంటాడు. నవలలో గుహ ఖాళీగా ఉంది గనుకనే చంద్రాపూర్ ఆంగ్లేయులందరూ తమ భయాలను, అహంకారాన్ని దానిలో నింపి, సాక్ష్యం వినకుండానే నేరం రుజువైందని నమ్మారు. అడెలా మనస్తత్వమే కారణమైతే, ఆ నమ్మకం మీద అడగవలసిన ప్రశ్న పక్కకు తప్పుకుంటుంది.

తాను ఫార్‌స్టర్ అంత ఆంగ్లేయ వ్యతిరేకిని కాననీ, కథలో సమతూకం తేవాలనుకుంటున్నాననీ లీన్ అప్పట్లో చెప్పాడు. భారతీయ నటులు ఇంతమంది ఉన్న సినిమాలో, హిందూ తాత్త్వికుడైన ప్రొఫెసర్ గాడ్బోలే పాత్రను ముఖానికి గోధుమరంగు వేసిన ఆంగ్ల నటుడు ఆలెక్ గిన్నెస్‌తో వేయించడం ఆ సమతూకం ఎటు మొగ్గిందో చెబుతుంది. గిన్నెస్ ప్రతిభను ఎవరూ కాదనలేరు. అయినా నవలలో లోతైన వ్యక్తి తెర మీద వింత మనిషిగా మిగిలాడు. రాజ్ కాలాన్ని అందమైన జ్ఞాపకంగా మార్చే ఇటువంటి చిత్రాల మీద సల్మాన్ రష్దీ 1984లోనే తీవ్రమైన వ్యాసం రాశాడు.

నవలలోని మూడో భాగం ఒక హిందూ సంస్థానంలో గోకులాష్టమి ఉత్సవాల మధ్య సాగుతుంది. బ్రిటిష్ పాలన నేరుగా తాకని చోట బతకాలని అజీజ్ అక్కడ ఉద్యోగం వెతుక్కున్నాడు. ఫీల్డింగ్ మీద పెంచుకున్న అపోహలు తొలగి, అతనితో చివరిసారి గుర్రపు స్వారీకి వెళ్లినప్పుడు, ఆంగ్లేయులు ఈ దేశం విడిచి వెళ్లాకే తామిద్దరూ స్నేహితులం కాగలమని అజీజ్ స్పష్టం చేస్తాడు; గుర్రాలూ, నేలా, ఆకాశమూ కలిసి వారిని విడదీస్తాయి. లీన్ ఈ భాగాన్ని కుదించి కాశ్మీరు మంచుకొండల మధ్యకు మార్చి, ఇద్దరినీ రాజీపరచి, అడెలాకు క్షమాపణ చెబుతూ అజీజ్ రాసిన ఉత్తరంతో సినిమాను ముగించాడు. అన్యాయంగా జైలు పాలైనవాడు తప్పు చేసినవారిని క్షమించమని వేడుకోవడం 1984 నాటి ప్రేక్షకుడికి ఊరట ఇచ్చి ఉండవచ్చు. కానీ కథాకాలానికి పాలన ఇంకా తొలగలేదు, అజీజ్‌ను తప్పుడు కేసులో బోనెక్కించిన ఆంగ్లేయుల క్లబ్బులోని వారెవరూ అతనికి ఒక్క క్షమాపణ కూడా చెప్పలేదు.