రంగురంగుల క్రోటన్

పూలకోసం కాక ఆకులకోసం పెంచే మొక్క క్రోటన్. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు, ఊదా రంగులు దీని ఆకులమీద మచ్చలుగానో చారలుగానో కనిపిస్తాయి. మలేషియా, ఇండోనేషియా, పసిఫిక్ దీవులు దీని పుట్టిల్లు. ఇది ఆముదపు మొక్క కుటుంబానికి చెందినదే.

ఈ రంగులకు ఎండే ఆధారం. నీడలో ఉంచితే కొత్త ఆకులు ఆకుపచ్చగానే వస్తాయి. రంగు తగ్గిందని కొందరు ఎరువుమీద ఎరువు వేస్తారు, అది వృథా. అలాగని నీడకు అలవాటుపడిన కుండీని ఒక్కసారిగా మండుటెండలో పెట్టరాదు. ఆకులు మాడి రాలిపోతాయి. రోజుకు కొంతసేపు చొప్పున ఎండకు అలవాటు చేయాలి.

విత్తనంతో మొలిచిన మొక్కకు తల్లిమొక్క రంగులే వస్తాయన్న నమ్మకం లేదు. అందువల్ల జానెడు కొమ్మను కత్తిరించి, కింది ఆకులు తీసి, తడి ఇసుకలో నాటుతారు. కోసినచోట పాలు కారతాయి. అవి తగిలితే చర్మం దురద పెట్టవచ్చు. ఆకు నమిలితే నోరు మండుతుంది. పసిపిల్లలున్న ఇంట్లో కుండీని వారి చేతికి అందని ఎత్తులో ఉంచాలి.