రెండు పదునులు, ఒక కురపి

వైశాఖమాసపు ఒక సాయంకాలమున, సూర్యాపేటలోని మా పెరటిలో మల్లెమొక్క నాటుటకై జానెడు గుంట త్రవ్వబూని, అంగడిలో క్రొత్తగా కొనితెచ్చిన చేతిపారను నేలకు ఆనించి అరచేతితో అదిమితిని. నేల చెక్కు చెదరలేదు. పార మాత్రము మెడకడ వంగి తలవాల్చినది. పచ్చని రంగు, నున్నని పిడి, చేతికి భారము తోచని తేలికదనము గల ఆ పనిముట్టులో లోపమెచ్చట ఉన్నదో తెలిసికొనవలెనన్న కుతూహలము నన్ను మొదట నిఘంటువుల యొద్దకును, పిదప నేలల శాస్త్రమునకును, తుదకు కమ్మరి కొలిమికిని నడిపించినది. జానెడు పొడవు లేని ఈ సాధనమునకు ఇంత పెద్ద వంశవృక్షము ఉండునని నేను అనుకొనలేదు.

త్రవ్వుడు సాధనమునకు సంస్కృతమున ఖనిత్రమని పేరు. ఋగ్వేదము మొదటి మండలములో అగస్త్యుడు ఖనిత్రములతో త్రవ్వుచున్నట్లు చెప్పబడినది. మన ప్రాంతమున మిరపతోటలలో కలుపు తీయు స్త్రీల చేతిలో నిత్యము కనిపించు కురపి మాత్రము వేరొక త్రోవను వచ్చినది. కత్తివంటి అంచు గల బాణమునకు క్షురప్రమని పేరు. అదే పేరు మట్టిని గోకు సాధనమునకు కూడ చెల్లి, ప్రాకృతములలో నలిగి, ఉత్తరాది భాషలలో ఖుర్పాగా, ఖుర్పీగా మారి, ఉర్దూ వాడుకతో తెలంగాణమునకు వచ్చి మన నోట కురపి ఐనది. ఇంగ్లీషువారి ట్రవెల్ అను మాట లాటిన్ భాషలో గరిటెకు పేరైన ట్రుల్లా నుండి పుట్టినది. వారు దానిని వంటింటినుండి తెచ్చుకొనగా మనము రణరంగమునుండి తెచ్చుకొంటిమి. ఇక గచ్చు పూయు తాపీ దీనికి దాయాది; అది మేస్త్రీల చేతినుండి ఇంటిపేరులోనికి కూడ ఎక్కినదనుటకు తాపీ ధర్మారావుగారే (1887–1973) సాక్షి.

పేరుకంటె పనిముట్టు పాతది. ఇనుము ఎరుగని కాలమున మానవుడు కొన చెక్కి నిప్పున కాల్చి గట్టిపరచిన కర్రతోనే దుంపలు పెకలించినాడు. దక్షిణాపథమున బృహచ్ఛిలాయుగపు సమాధులలో కత్తులు, ఈటెలతోపాటు ఇనుప గొడ్డళ్లును, ఉలులును, పారలును దొరకుట చూచినచో, చనిపోయినవానికి పరలోకమున కూడ త్రవ్వుడుపని తప్పదని ఆ కాలపువారు తలచినారేమో అనిపించును. విచిత్రమేమనగా, నేలలో పూడిన ఆ చరిత్రను నేడు వెలికితీయునదియు ఈ చిన్ని సాధనపు కుటుంబమే. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి బౌద్ధక్షేత్రమున 2024లో జరిగిన త్రవ్వకములలో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణెములు బయటపడినవి. రెండు చేతుల బలముతో పడు పెద్దపార అట్టి కుండను కనుగొనుటకు ముందే పగులగొట్టును. అంగుళమంగుళముగా మట్టిని గోకి, అడ్డము తగిలినచోట ఆగగల చేతిసాధనమునకే ఆ మర్యాద తెలియును.

ఐనను చేతిసాధనపు బలమెంత ఉండవలెనో నిర్ణయించునది చేయి కాదు, నేల. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అను మూడు పట్టణములు ఒకదానికొకటి చేరువలోనే ఉన్నను, వాటి పెరళ్ల స్వభావము వేరు. సూర్యాపేట వైపు అడుగున ఉన్నది గ్రానైటు జాతి శిల. అది వేల యేండ్లు ఎండకు వానకు చితికి ఎర్రని చల్కనేలయు, దాని క్రింద గులకలతో నిండిన మొరమును ఐనది. కోదాడనుండి హుజూర్‌నగర్, మేళ్లచెరువుల దిక్కునకు పోయినకొలది సున్నపురాయి ఎదురగును. సిమెంటు కర్మాగారములు అక్కడ వెలసినది అందుచేతనే. ఆ వైపు నల్లరేగడిలో కురపి దింపినప్పుడు తెల్లని సున్నపు గడ్డలు కటకటమని తగులుట తోటపని చేయువారికి అనుభవమే. మిర్యాలగూడ ఆయకట్టు భూములలో ఏటేట దమ్ము చేసి వరి నాటుటవలన, పైన మెత్తని బురదయు, దాని అడుగున అదిమి అదిమి గట్టిపడిన పొరయు ఏర్పడును. అట్టి పొలము ఇండ్లస్థలమై పెరడుగా మారినప్పుడు, మొక్క నాటువాని కురపి మొదట సుఖముగ దిగి, జానెడు లోతున హఠాత్తుగ నిలిచిపోవును.

రేగడి గుణమంతయు మాంట్‌మోరిల్లొనైట్ అను బంకఖనిజములో ఉన్నది. కంటికి కనబడని సన్నని పలకల దొంతరలుగా ఉండు ఈ ఖనిజము ఒక గ్రాము తీసికొన్నచో, పలకల లోపలి ముఖములతో కూడ లెక్కించినప్పుడు దాని వైశాల్యము 700 చదరపు మీటర్ల వరకు ఉండును. ఎర్రనేలలలో అధికముగ ఉండు కెయొలినైటునకు అది 10, 20 చదరపు మీటర్లకు మించదు. ఆ పలకల నడుమకు నీరు చొరబడినప్పుడు రేగడి ఉబ్బి జిగురై కాలికి చెప్పువలె అంటును. నీరు వీడినప్పుడు కుంచించుకొని, చేయి దూరునంతటి నెర్రెలు విచ్చి, మిగిలిన పెళ్ల రాయితో సమానమగును. ఎర్రనేల అంతగా ఉబ్బదు. కాని వాన వెలిసి ఎండ కాయగానే దానిపై పెచ్చు కట్టును, వేసవిలో మొరమును ఇసుకయు ఇనుపతుప్పుతోడను బంకతోడను బిగిసి ఒక్కటగును.

ఈ రెండు అవస్థల నడుమ, జిగురు పోయి గట్టిదనము రాని ఒక చిన్న వ్యవధి కలదు. నాగలి పట్టినవాడు దానిని పదును అన్నాడు. మట్టిని పిడికిట పట్టి పిసికి, ముద్దగా నిలిచి, బొటనవ్రేలితో నొక్కగానే పొడిగా రాలినచో నేల పదునుమీద ఉన్నదని అతని లెక్క. స్వీడన్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఆటర్‌బర్గ్ 1911లో ఇదే వ్యవధికి కొలత కట్టినాడు. తడిబంకను అరచేతిక్రింద దారముగా పేనుచుండగా ఏ తేమకడ అది తెగిపోవునో దానిని ఒక హద్దుగా అతడు నిర్ణయించినాడు. నేడు ప్రయోగశాలలలో ఆ దారము మందము సుమారు 3 మిల్లీమీటర్లుగా పాటింపబడుచున్నది. దుక్కికి తగిన తేమ ఆ హద్దునకు ఇంచుమించు దగ్గరనో, కొంచెము దిగువనో ఉండునని తరువాతివారు కనుగొనిరి. అతని దారమునకును మన రైతు పిడికిలికిని తేడా కొలతలోనే గాని తెలివిలో లేదు.

ఈ ప్రాంతపు పదును కాలమునే మార్చివేసినది నాగార్జునసాగరము. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టకు 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ చేతులమీదుగా కాలువలలోనికి నీరు వదలబడెను. లాల్‌బహదూర్ పేరిటి ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ సీమలకు పారినది. సుమారు 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన ఆ గోడలో రాయికిని రాయికిని నడుమ గచ్చు నింపి సరిదిద్దినది మేస్త్రీల తాపీయే. మొగులు దయతలచినప్పుడు మాత్రమే పదునెక్కు నేల కాలువ వదలినప్పుడు కూడ పదునెక్కుట నేర్చెను. దాయాది కట్టిన గోడ ఈ విధముగా కురపి బ్రదుకును తేలికపరచినది; అడుగున గట్టిపొరను పెంచి, కొంత కష్టమును కూడ తెచ్చిపెట్టినది.

ఇప్పుడు రెండవ పదును సంగతి. తెలుగుభాష ఒక్క మాటతోనే నేలలోని తేమను, ఇనుములోని తీరును చెప్పుట యాదృచ్ఛికము కాదని నాకు తోచుచున్నది. రెండింటను చెప్పబడునది ఒకటే, మెత్తదనమునకును పెళుసుదనమునకును నడిమి స్థితి. ఇనుములో ఆ స్థితిని తెచ్చునది కర్బనము. నూటికి పావు పాలు కర్బనము కూడ లేని మెత్తని ఇనుపరేకును ఎంత కాచి నీట ముంచినను అది తగినంత గట్టిపడదు. నా పచ్చరంగు చేతిపార ఆ జాతిది. నూటికి ఒకటిన్నర పాళ్ల వరకు కర్బనము గల ఉక్కును నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసెడివారు. పారశీక వర్తకులు దానికై అంతదూరము వచ్చెడివారని, 1824లో మరణించిన వాయ్సీ అను పరిశోధకుడు వ్రాసినది 1832లో అచ్చైనది. మన ఉక్కు అను మాటయే పాశ్చాత్యుల నోట వూట్జ్ ఐనదని పలువురు పండితుల అభిప్రాయము. ఆ వూట్జును 1819లో పరీక్షించి వ్యాసము ప్రకటించిన మైకేల్ ఫారడే స్వయముగా ఒక కమ్మరి కొడుకు. అట్టి ఉక్కు కత్తికి మేలు. కాని రాయి తగులు త్రవ్వుడుపనికి అంత కర్బనము పనికిరాదు, అంచు పెచ్చులూడును. నూటికి అరపాలు, ఆపైన మరికొంచెము ఉన్నచో చాలును.

సరిగా ఆ పాళ్లు గల ఉక్కు నేడు రహదారి ప్రక్కనే దొరకుచున్నది. హైదరాబాదు, విజయవాడల నడుమ సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు మార్గమున తిరిగి తిరిగి అరిగిన లారీల కమాన్ కట్టలు స్ప్రింగు ఉక్కుతో చేసినవి. కమ్మరికి అంతకంటె మేలైన ముడిసరుకు అరుదు. ఆ పట్టీ ముక్కను కొలిమిలో నారింజ కాంతి వచ్చువరకు కాచి, దాగలిపై సమ్మెటతో సాగగొట్టి, అంచు తీర్చి, మరల చెర్రీపండువలె ఎర్రబడువరకు, అనగా సుమారు 800 డిగ్రీలకు, కాచి ముంచినప్పుడు ఇనుము లోపల మార్టెన్‌సైట్ అను అమరిక ఏర్పడును. అది మిక్కిలి గట్టిది, మిక్కిలి పెళుసు, జారవిడిచినచో విరుగవచ్చును. అందుచేత కమ్మరి దానిని రుద్ది మెరిపించి తిరిగి మెల్లగ కాచును. మెరుపుపై మొదట ఎండుగడ్డి రంగు, పిమ్మట గోధుమ, ఊదా, నీలి రంగులు వరుసగ పరుగెత్తును. 220 డిగ్రీల దాపున కనబడు గడ్డిరంగు కడ ఆపినచో గీయు పనిముట్లకు తగును. 280, 300 డిగ్రీల నడుమ ఊదా నీలములకడ ఆపినచో కొంత గట్టిదనము పోయి ఓర్పు వచ్చును. మట్టిలో దిగవలసినదానికి కావలసినది ఆ ఓర్పే. ఉష్ణమాపకము లేని కొలిమిలో కంటితోనే ఈ నిర్ణయము జరుగుచున్నది.

లోహము ఎంత మంచిదైనను ఆకారము చెడినచో ఫలము లేదు. రేకు మందము 2 మిల్లీమీటర్ల నుండి 3 మిల్లీమీటర్లకు పెరిగినచో బలము రెండింతలకు పైగాను, వంగకుండు బిగువు మూడింతలకు పైగాను పెరుగును. ఏలయనగా బలము మందపు వర్గమును, బిగువు ఘనమును అనుసరించును. మందము పెంచకయే బిగువు తెచ్చు ఉపాయము తాటిచెట్టునకు తెలియును: చదునుగ పరచిన ఆకు వ్రేలాడును, మడతలు పడిన ఆకు గాలికి నిలుచును. అందుచేతనే మంచి చేతిపార అలుగు దోనెవలె నడుమ పల్లముగ ఉండును. ఐతే చేయి నొక్కినప్పటి భారమంతయు చేరి వంచజూచు స్థలము అలుగు కాదు, అలుగునకును పిడికిని నడుమ ఉన్న మెడ. అలుగు నేలలో చిక్కుకొని ఉండగా పిడిని క్రిందికి నొక్కి మట్టిని పెకలించినప్పుడు, పిడి పొడవంతయు మీటగా మారి మెడపైననే తన బలమును చూపును. నాది అచ్చటనే ఒరిగినది. రేకును మెడకడ సన్నగించి, ఒక కడ్డీకి రెండు చుక్కల వెల్డింగుతో అతికి, ఆ అతుకును రంగుతో కప్పియుండిరి.

కావున అంగడిలో చూడవలసినది మొదట రంగు కాదు, మెడ. అలుగు, మెడ, పిడిలోనికి చొచ్చు తోక, ఈ మూడును ఒకే ఇనుమునుండి సాగినవై ఉండవలెను. తోక పిడిలో సగము వరకైన దిగవలెను. పిడి మొదట పొన్ను బిగియుండవలెను. పిడి నల్లతుమ్మదైనను మరి యే చేవగల కర్రదైనను కావచ్చును గాని, నాలుగు వ్రేళ్లు సుఖముగ ఇముడు పొడవును, అరచేతిని గ్రుచ్చని గుండ్రని కొనయు ఉండవలెను. షెఫీల్డున హ్యారీ బ్రియర్లీ 1913లో కనుగొన్న స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టదు, నునుపుచే రేగడిని అంటనీయదు. కాని పలుచని రేకుతో చేసినప్పుడు అది తుప్పుపట్టని బలహీనత మాత్రమే. సూర్యాపేట మొరమునకు రెండుమూడు వ్రేళ్ల వెడల్పు మించని, మొన తేలిన అలుగు మేలు. జపాన్‌వారు హోరి హోరి అని పిలుచు తోటకత్తి ఇట్టిదే. కోదాడ రేగడికి బాగుగ మెరుగుపెట్టిన నున్నని అలుగు కావలెను. మిర్యాలగూడ గట్టిపొరకు పొడవును, బలమైన మెడయు ముఖ్యము. గడ్డపారతో చేయవలసిన పనిని మాత్రము ఏ కురపినుండియు కోరరాదు.

కమాన్ పట్టీతో చేయించుకొన్న కురపి చేతికి వచ్చిన సాయంకాలమున నేను తొందరపడలేదు. గుంట త్రవ్వదలచినచోట ఒక కుండెడు నీరు పోసి, పైన ఎండుటాకులు కప్పి, రాత్రియంతయు విడిచితిని. తెల్లవారి పిడికెడు మట్టి తీసి పిసికిచూడగా ముద్దయై నిలిచి, బొటనవ్రేలి క్రింద రాలినది. కురపి మెడవరకు దిగి, ఒక మీటుతో పెళ్లను లేవనెత్తినది. మొరములోని గులకరాయి తగిలినప్పుడు ఖంగుమన్నదే గాని ఒరగలేదు. ఆ వంగిన పచ్చచేతిపారను సైతము నేను పారవేయలేదు. సుత్తితో సరిచేసి, కుండీలలో జల్లించిన మట్టి నింపుటకు వాడుచున్నాను. ఆ పనికి అది ఎంతయు చక్కనిది. దానిని తప్పుపట్టుటకు ముందు, ఆ వైశాఖపు సాయంకాలమున ఇనుము పదును గాని నేల పదును గాని ఎరుగక నొక్కిన చేయి నాదేనని ఒప్పుకొనవలసియున్నది.