స్థిరాస్తి చట్టంలో గడువు, కరువు: ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంత నేపథ్యం

ఉపోద్ఘాతం

ఇళ్లస్థలాల లేఅవుట్ల విషయంలో ‘గడువు’ అనే ఒక్క మాట మూడు వేర్వేరు కాలాలను సూచిస్తుంది. లేఅవుట్‌ను అనుమతిస్తూ రోడ్లు, మురుగుకాలువలు వంటి పనుల పూర్తికి సంబంధిత సంస్థ విధించే కాలం మొదటిది. స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 కింద ప్రాజెక్టు నమోదు చెల్లే కాలం రెండవది. ప్లాటును అప్పగిస్తామని అమ్మకపు ఒప్పందంలో రాసుకున్న తేదీ మూడవది. మొదటి రెండింటిలో ఏది పొడిగించబడినా మూడవది కూడా దానంతటదే జరుగుతుందని అనుకోవడం పొరపాటు. వానపై ఆధారపడిన సేద్యం గణనీయంగా ఉన్న నెల్లూరు జిల్లా పశ్చిమ మెట్టలో, అనగా ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో, ఈ భేదం కొనుగోలుదారుకు కీలకం.

నమోదు గడువు – కరువు

ప్రణాళికా ప్రాంతంలో 500 చదరపు మీటర్లకు మించిన భూమిని ప్లాట్లుగా అమ్మదలచిన ప్రమోటరు ముందుగా ప్రాజెక్టును నమోదు చేయించాలని 3వ సెక్షన్ చెబుతుంది. ప్రణాళికా ప్రాంతానికి వెలుపల, స్థానిక సంస్థ అనుమతి ఉన్న ప్రాజెక్టును కూడా నమోదు చేయించమని ఆదేశించే అధికారం నియంత్రణ సంస్థకు ఉంది. కనుక గ్రామం ఏ పరిధిలోకి వస్తుందన్నది తొలి ప్రశ్న. నమోదు ఎంతకాలం చెల్లాలో ప్రమోటరే దరఖాస్తులో ప్రకటిస్తాడు. 5వ సెక్షన్ ప్రకారం ఆ కాలమే నమోదు గడువు అవుతుంది.

ఈ గడువు పొడిగింపునకు 6వ సెక్షన్ రెండు దారులు చూపింది. ప్రమోటరు తప్పు లేని సహేతుక పరిస్థితులలో మొత్తం మీద 1 సంవత్సరానికి మించని పొడిగింపు ఒకటి. అనివార్య విపత్తు కారణంగా ఇచ్చే పొడిగింపు మరొకటి. యుద్ధం, వరద, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపాలతోపాటు కరువును కూడా చట్టం ఈ విపత్తులలో చేర్చింది.

కొనుగోలుదారు పక్షం

మెట్టలో కరువు ప్రమోటరును మాత్రమే తాకదు. పంట మీద వచ్చే రాబడితో ప్లాటు వాయిదాలు కట్టే రైతు ముందుగా దెబ్బతింటాడు. అయితే ఒప్పందం ప్రకారం సకాలంలో చెల్లించే బాధ్యతను 19వ సెక్షన్ కొనుగోలుదారుపై ఉంచింది. జాప్యమైతే వడ్డీ కట్టాలి. ఉభయులూ అంగీకరిస్తే ఆ భారాన్ని తగ్గించుకోవచ్చునని అదే సెక్షన్ చెబుతుంది. కరువు వేళ ప్రమోటరుకు పొడిగింపు కోరే మార్గాన్ని చట్టమే చూపగా, కొనుగోలుదారుకు మిగిలింది ఎదుటిపక్షం అంగీకారమే. చట్టంలోని ఈ అసమానత చర్చించదగినది.

ఈ అసమానతను 18వ సెక్షన్ కొంతవరకు సరిదిద్దుతుంది. ఒప్పందపు తేదీకి ప్లాటు అప్పగించకపోతే కొనుగోలుదారు వైదొలగి, కట్టిన సొమ్మును వడ్డీతో తిరిగి కోరవచ్చు. వైదొలగకుంటే, అప్పగించేవరకు జాప్యమైన ప్రతి నెలకూ వడ్డీ పొందవచ్చు. ఇంపీరియా స్ట్రక్చర్స్ కేసులో (2020) సుప్రీంకోర్టు, కొనుగోలుదారు హక్కును నమోదు గడువును బట్టి కాక ఒప్పందాన్ని బట్టి లెక్కించాలని స్పష్టం చేసింది. ఊహించని పరిస్థితులు ఏర్పడినా సొమ్ము వాపసు కోరే హక్కు షరతులు లేనిదని న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో (2021) వివరించింది. కరువు కారణంగా నమోదు పొడిగింపు లభించినా, ప్రమోటరు ఒప్పందపు తేదీ నుంచి తప్పించుకోలేడని ఈ తీర్పులను బట్టి చెప్పవచ్చు.

ముగింపు

ఈ రక్షణంతా రాతపూర్వకమైన తేదీపై నిలిచి ఉంది. ప్లాటు ధరలో 10 శాతానికి మించి సొమ్ము తీసుకోవాలంటే ముందుగా రాతపూర్వక ఒప్పందం చేసుకుని రిజిస్టరు చేయించాలని 13వ సెక్షన్ నిర్దేశిస్తుంది. ఆ ఒప్పందంలో అప్పగింత తేదీ కూడా ఉండాలి. నోటిమాట మీద, వాయిదాల కార్డు మీద సాగిన కొనుగోలులో ప్రమోటరు ఏ తేదీకి కట్టుబడ్డాడో నిరూపించడమే కష్టమవుతుంది. వానను నమ్ముకున్న ప్రాంతంలో లేఅవుట్ అనుమతి పత్రాన్ని చూసి ఊరుకోక, ఒప్పందంలో తేదీ రాయించుకోవడం, కరువు ఏడాదిలో వాయిదాల వెసులుబాటును కూడా అందులోనే చేర్పించుకోవడం కొనుగోలుదారుకు అవసరం. చట్టం ప్రమోటరుకు ఇచ్చిన వెసులుబాటుకు సాటిరాగలది అప్పుడే అతనికి దక్కుతుంది.