నేలలోని విషలోహములు – గంజాయి మొక్క

“తులసి వనములో గంజాయి మొక్క” అను సామెత మన యిండ్లలో విననివారుండరు. క్రిందటి యేడు ఎనిమిదవ తరగతి పాఠమున ఈ సామెత వచ్చినప్పుడు ఒక బాలుడు లేచి, “అయ్యా, గంజాయియు ఆకే కదా! మందు కలుపని పచ్చియాకువలన కీడేమి?” అని యడిగెను. తరగతి నవ్వినది, మేము నవ్వలేకపోతిమి. ఆ మాట పిల్లవానిది కాదు, ఎవరో పెద్దవారు వాని చెవిని వేసినది. కావున సమాధానమును తలిదండ్రులకే చెప్పుట యుక్తమని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మత్తువలని చేటు అందరెరిగినదే. ఇచ్చట చెప్పబోవునది వేరొక చేటు. సీసము, కాడ్మియము, పాదరసము మొదలగువానిని భారలోహములందురు. పేడ కుళ్ళి యెరువగును, ఆకు రాలి మన్నగును. సీసము మాత్రము ఎన్నేండ్లైనను సీసముగనే యుండును. కర్మాగారముల మడ్డి, పట్టణముల మురుగు, వాహనముల ధూళి వీనిని నేలకు చేర్చును. కొన్ని ఫాస్ఫేటు ఎరువులలోను కాడ్మియము కొంత యుండును.

దృష్టాంతమునకు దూరము పోనక్కరలేదు. మన మొరప్పూరులో రైలెక్కి జోలార్‌పేట దాటినచో వాణియంబాడి, ఆంబూరు వచ్చును. అచ్చటి తోళ్ళ కర్మాగారముల నీరు పాలారు పరీవాహమున క్రోమియమును, ఉప్పును నింపినది. అట్టి పరిశ్రమల ప్రాంతమున సుమారు 35,000 హెక్టారుల సాగునేల కొంతగానో పూర్తిగానో చెడినదను విషయము 1996 ఆగస్టునాటి సుప్రీంకోర్టు తీర్పులో కలదు. నేలను చెరచినవారే దానిని బాగుచేయు వ్యయమును భరింపవలెనని ఆ తీర్పు చెప్పినది.

ఇక మొక్క సంగతి. మొక్కకు జింకు కొంచెము అవసరము. కాడ్మియము రసాయన గుణమున జింకును పోలియుండుటచే, జింకునకై తెరచిన తలుపునుండియే అదియు వేరులోనికి దూరును. నేల పుల్లనిదైన కొలది ఈ చొరబాటు హెచ్చును. సీసము చాలవరకు వేరులోనే నిలుచును. ధూళిగా ఆకుపై పడినది మాత్రము ఆకుతో వచ్చును. పొగాకు కాడ్మియమును ఆకులలో కూర్చుకొనునని చిరకాలముగ తెలిసినదే. గంజాయి జాతి మొక్కయు అట్టిదే: త్వరగా పెరుగును, వేరు లోతుగా దిగును, లోహములు హెచ్చుగానున్న నేలలోను తట్టుకొనును. అందుచేతనే 1998లో ఉక్రెయినులోని చెర్నోబిల్ వద్ద, అణు ప్రమాదముచే చెడిన నేలను శుభ్రపరచు ప్రయోగములో ఈ జాతి నారమొక్కను నాటిరి. (మన జనుము వేరు, ఇది వేరు.) ఇల్లూడ్చిన చీపురునకు దుమ్ము అంటక మానునా? నేలనూడ్చు మొక్కయు నట్టిదే.

దానిని కాల్చినచో లోహము నశించునా? నశింపదు. కాడ్మియము వేడికి ఆవిరియై పొగలో కలియును. కడుపునుండి కంటె ఊపిరితిత్తులనుండి రక్తమున సులభముగ చేరును. 2023లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, పొగాకు ముట్టక గంజాయి మాత్రమే వాడువారి రక్తమున, ఏదియు వాడనివారికంటె సీసము 27 శాతము, కాడ్మియము 22 శాతము హెచ్చుగా కనబడినవి.

ఇది నేలవలని కల్తీ. మనుష్యుని కల్తీ మరియొకటి. 2007లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున కడుపునొప్పి, వాంతి, రక్తహీనతతో యువకులు ఆస్పత్రులకు వచ్చిరి. బరువు పెంచి లాభము గడించుటకై వర్తకులు గంజాయిలో సీసము కలిపిరని తేలినది. 29 మంది రోగుల వృత్తాంతము మరుసటి యేడు వైద్యపత్రికలో ప్రకటితమైనది.

చట్టమనుమతించిన కాలిఫోర్నియాలో, పీల్చు గంజాయి గ్రామునకు సీసము 0.5 మైక్రోగ్రాము, కాడ్మియము 0.2 మైక్రోగ్రాము మించరాదని పరీక్షించి విక్రయింతురు. మన దేశమున 1985 చట్టముచే గంజాయి నిషిద్ధము. దొంగచాటుగా వచ్చు పొట్లమునకు పరీక్ష లేదు, పండిన నేల పేరు లేదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత ఆంధ్ర పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగులబెట్టిరి. అందులో ఏ కట్ట ఏ మన్నున పుట్టినదో ఎవరు చెప్పగలరు?

పిల్లల రక్తమున సీసమునకు నిరపాయమైన పరిమితి తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అది బుద్ధిని, చదువును కుంటుపరచును. కాడ్మియము మూత్రపిండములలో పదుల యేండ్లు నిలిచి వానిని, ఎముకలను చెరచును.

తలిదండ్రులు చేయదగిన పనులు కొన్ని గలవు. కర్మాగారపు కాలువనీటితో కూరలు పండింపకుడు. బాటప్రక్కన పండిన ఆకుకూరలను పలుమారులు కడుగుడు. 2015 నుండి ఇచ్చుచున్న భూసార పత్రములో పోషకముల లెక్క కలదు గాని సీసము, కాడ్మియముల లెక్క లేదు. అనుమానమున్నచో ప్రత్యేక పరీక్ష కోరవలెను. పశువులయెరువు, పుల్లని నేలకు సున్నము వేసినచో లోహములు వేరున కెక్కుట తగ్గును.

అన్నిటికంటె ముఖ్యమిది. మీ బిడ్డ ఆ బాలుని ప్రశ్నయే అడిగినచో కసరకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని, “నాయనా, ఆకు పచ్చనిదే, ఆ ఆకు త్రాగిన నేల ఎట్టిదో నీకు తెలియునా?” అని అడుగుడు. చెడిన నేలలో నాటిన తులసియు విషమునే త్రాగును. ఇక మన బిడ్డలు పెరుగు నేలయో, అది మన యిల్లును, ఈ పాఠశాలయును. దానిని శుభ్రముగా నుంచుట మీకును మాకును ఉమ్మడి పని.